పాత గొలుసు రంపం: పందెమూ, పాఠమూ



పండుగలకూ, తిరునాళ్లకూ మన పల్లెల్లో బండలాగుడు పందేలు జరుగుతాయి గదా. ఎడ్లను రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి అని విడదీసి, ఇచ్చిన గడువులో ఏ జత బండను ఎన్ని అడుగులు లాగిందో కొలిచి బహుమతి ఇస్తారు. ట్రాక్టర్లు వచ్చాక ఆ ఎడ్లకు దుక్కిలో పని బాగా తగ్గింది. అయినా మక్కువ గలవారు మేపుతూనే వున్నారు. వాళ్లను అడిగి చూడండి, ఎద్దు మూపురం మొదలు గిట్ట దాకా ఏ లక్షణం దేనికి పనికివస్తుందో చెపుతారు. మక్కువ వున్న చోట తెలివిడి కూడా నిలిచి వుంటుంది.

ఇటువంటి మక్కువే అమెరికా, కెనడా, స్వీడను వంటి అడవి దేశాల్లో మరొక వస్తువు మీద వుంది. అదే చెట్లు కోసే పాత మిషను, గొలుసు రంపం. అరవై, డెబ్బయి ఏళ్లనాటి రంపాలను ఏరి తెచ్చి, బాగుచేసి, ఒకచోట కూడి, ఎవరి మిషను దుంగను ముందు కోస్తుందో పందెం వేసుకుంటారు.

"ఇనుప సామాన్ల మోజు మనకెందుకయ్యా?" అని మీరడగవచ్చు. చెపుతాను. మన అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి మెట్టల్లో జామాయిలు కోతకూ, చిల్లచెట్లు కొట్టడానికీ, గాలికి పడిన మామిడి తొలగించడానికీ ఈనాడు గొలుసు రంపమే వస్తూ వుంది. చాలామంది అది పాతదైనా సరే, చవకగా దొరికితే చాలునని కొంటున్నారు. పాత మిషనులో ఏది వుండదో తెలియకుండా కూలివాని చేతికి ఇవ్వడం అతని కాలితోనూ, ప్రాణంతోనూ ఆటలాడడమే. ఆ తెలివిడి పాత రంపాలు సేకరించేవారి దగ్గర వుంది కనుక వారి సంగతి మనకు అవసరం.

మొదట దీని పుట్టుక చూద్దాం. మన వైపు వెనుక గుంట తీసి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి మాను కోసేవారు. తొలి గొలుసు రంపానికి కూడా ఇద్దరు మనుషులు కావలసివచ్చింది. 1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ స్టిల్ అనే ఇంజనీరు కరెంటుతో నడిచే రంపం చేశాడు. దాని బరువు 48 కిలోలు. 1929లో పెట్రోలు రంపం తెచ్చాడు. అదీ 46 కిలోలే. ఒకరు ఇంజను పట్టుకుంటే, రెండోవారు పట్టా చివరి పిడి పట్టుకునేవారు.

ఒక్క మనిషి మోయగల మిషన్లు రెండో ప్రపంచ యుద్ధం తరువాత వ్యాపించాయి. 1949లో అమెరికాలో మెకలక్ కంపెనీ 25 పౌన్ల రంపం, అంటే సుమారు 11 కిలోలది, అమ్మకానికి పెట్టింది. 1959లో స్టిల్ కంపెనీ కాంట్రా అనే రంపం తెచ్చింది. అందులో పళ్ల చక్రాల గేరు తీసివేసి, ఇంజను తిరుగుడునే నేరుగా గొలుసుకు ఇచ్చారు. బరువు తగ్గింది, గొలుసు వేగం పెరిగింది. అదే ఏడు స్వీడనులో హుస్క్‌వార్నా కంపెనీ తన మొదటి గొలుసు రంపం చేసింది. సేకరించేవారు ఎక్కువ ముచ్చటపడేది ఈ కాలపు మిషన్ల మీదనే.

గొలుసు పంటి కథ మరీ వింతైనది. మామిడి మానును తొలిచే పురుగు మనకు పరమశత్రువు గదా. అమెరికాలోని ఒరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ అనే చెట్లు కోసే మనిషి, 1946లో ఒక మొద్దులో అటువంటి పురుగును చూశాడు. అది నిలువు ఈనెను, అడ్డు ఈనెను లెక్కచేయక, వంకీ వంటి దవడలతో కుడికీ ఎడమకూ మార్చి మార్చి కొరుకుతూ పోతూ వుంది. అంతకు ముందున్న గొలుసు పళ్లు కర్రను గీకేవి. కాక్స్ ఆ దవడల పోలికను గొలుసుకు ఎక్కించి, కుడి పన్ను ఒకటి, ఎడమ పన్ను ఒకటిగా అమర్చి 1947లో వ్యాపారం ప్రారంభించాడు. ఈనాడు మీరు చూసే గొలుసులన్నీ ఆ వంశంలోనివే.

ఇక కూటముల సంగతి. వచ్చినవారు తమ మిషన్లను బల్లల మీద వరుసగా పెడతారు. దొరకని విడిభాగాలు ఒకరి దగ్గర ఒకరు మార్చుకుంటారు. పందెానికి నలుపలకలుగా చెక్కిన దూలాన్నో, ఒకే లావు దుంగనో స్టాండుకు బిగిస్తారు. ఎడ్లకు పళ్లు లెక్కపెట్టినట్టే ఇక్కడ ఇంజను పరిమాణాన్ని సీసీల్లో చూసి తరగతులు చేస్తారు. కంపెనీ చేసినది చేసినట్టే వున్నవి ఒక వైపు, లోపల మార్పులు చేసి వేగం పెంచినవి మరొక వైపు. గడియారం పట్టుకుని, బిళ్లలు తెగిపడేవరకు సెకన్లు లెక్కిస్తారు.

కొత్త మిషన్లతో జరిగే పెద్ద పోటీలు కూడా వున్నాయి. స్టిల్ కంపెనీ 1985 నుంచి నడుపుతున్న పోటీల్లో ఒక అంశం చూడండి. 40 సెంటీమీటర్ల దుంగలో పై నుంచి ఒక బిళ్ల, కింది నుంచి ఒక బిళ్ల కోయాలి. రెండూ గీసిన 10 సెంటీమీటర్ల గీతలోపలే రావాలి. బిళ్ల నిండుగా రాకపోతే వేగం ఎంత వున్నా లెక్కకు రాదు. 1970లో మొదలైన ప్రపంచ అడవి పనివారి పోటీల్లోనైతే చెట్టు గురికి ఎంత దగ్గరగా పడింది, కోత ఎంత నిటారుగా వచ్చింది, కొమ్మలు ఎంత శుభ్రంగా తీశాడు అని మార్కులు వేస్తారు. జాగ్రత్త నియమం తప్పితే మార్కులు కోస్తారు. అంటే గెలుపు ఇంజను అరుపులో లేదు. గొలుసు పదునులోనూ, చేతి నిలకడలోనూ వుంది.

పాత మిషను మీ ఇంట్లోనో, బంధువుల షెడ్డులోనో దొరికితే, తాడు గుంజి చూద్దామని తొందరపడకండి. వరుసగా ఇట్లా చేయండి.

మొదట ట్యాంకులోని పాత పెట్రోలు పారబోసి కడగండి. స్పార్కు ప్లగ్గు విప్పి, సిలిండరులో రెండు చుక్కలు నూనె వేసి, తాడు మెల్లగా లాగి పిస్టను కదులుతుందో లేదో చూడండి. పాత మిషన్లలో చాలావాటికి నిప్పురవ్వ కాంటాక్టు పాయింట్ల మీద పుడుతుంది. వాటికి చిలుము పట్టివుంటుంది. శుభ్రపరిస్తే తరచు రవ్వ తిరిగి వస్తుంది. కార్బురేటరులోని పలుచని పొర ఎండి గట్టిపడితే మార్చాలి. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు కలిసి వస్తూ వుంది. అది పాత రబ్బరును చెరుపుతుంది, తేమను పీలుస్తుంది. కనుక పని కాగానే ట్యాంకు ఖాళీచేసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడిపి దాచండి.

నూనె కలపడంలో మోసపోకండి. కొత్త మిషన్లకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోకు నూనె చాలునంటారు. పాతవాటిలో కొన్నింటికి 16 పాళ్లకు ఒకటి, కొన్నింటికి 20 పాళ్లకు ఒకటి కావాలని మిషను ఒంటి మీదనే వుంటుంది. అంటే లీటరుకు 50 మొదలు 62 మిల్లీలీటర్ల దాకా. తక్కువైతే పిస్టను పట్టేస్తుంది. గొలుసుకు వేరే నూనె. పాత రంపాల్లో చాలావాటికి అది దానంతటది రాదు. బొటనవేలితో మీట నొక్కుతూ వుండాలి.

పదును పరీక్షకు ఒక్క గుర్తు చాలు. గొలుసు బాగుంటే పేళ్లు రాలుతాయి, మొద్దుబారితే పొడి రాలుతుంది. పొడి రాలుతుంటే బలంగా అదమవద్దు. ఆపి ఆకురాయి తీయండి. కుడి పళ్లకు ఎన్ని రాపుళ్లో, ఎడమ పళ్లకూ అన్నే. లేకపోతే కోత ఒక పక్కకు గుంజుతుంది.

ఇప్పుడు అసలు మాట. పట్టా ముక్కు పైభాగం కర్రకు తగిలితే రంపం ఒక్కసారిగా ఎగిరి మనిషి ముఖం మీదికి వస్తుంది. గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతూ వుంటుంది. తప్పుకునే వ్యవధి వుండదు. అట్లా ఎగిరినప్పుడు గొలుసును ఆపే బ్రేకు, ముందు పిడి ఎదుట వుండే అడ్డు, 1970 దశకంలోనే వాడుకలోకి వచ్చాయి. అంతకు ముందు మిషన్లలో ఆ బ్రేకు లేదు. అదురును ఆపే రబ్బరు దిమ్మలూ చాలావాటిలో లేవు. వాటిని ఏళ్ల తరబడి పట్టినవారికి వేళ్లలో రక్తం ఆడక, తెల్లబడి, తిమ్మిరెక్కే జబ్బు వచ్చింది. ఆ చప్పుడు 100 డెసిబెల్లు దాటుతుంది. చెవికి కాపు లేకుంటే వినికిడి క్రమంగా పోతుంది.

అందుచేతనే అనుభవం గల సేకరణదారు తన పాత రంపాన్ని పందెంలో కొద్ది నిమిషాలు నడుపుతాడు. కాలికి రక్షణ ప్యాంటు, కంటికి అద్దం, చెవికి మూత, కాలికి గట్టి బూటు వేసుకుని, బిగించిన దుంగ మీదనే కోస్తాడు. చూసేవారిని దూరంగా నిలబెడతాడు. ఇంటికి పోయి కట్టెలు కొట్టడానికి బ్రేకున్న కొత్త మిషను తీస్తాడు. ముచ్చట వేరు, పని వేరు అని అతనికి తెలుసు.

మనం పట్టుకోవలసిన పాఠం కూడా ఇదే. పాత రంపం కొనేటప్పుడు ముందు పిడి ఎదుట అడ్డు వుందా అని చూడండి. ఇంజను ఆపి, ఆ అడ్డును ముందుకు నెట్టి, తొడుగు వేసుకున్న చేతితో గొలుసు లాగి చూడండి. కదలకూడదు. వెనుక పిడిలో, వేలు పట్టు వదిలితే గ్యాసు మీటను బిగించే తాళం వుండాలి. గొలుసు తెగితే ఆపే కొక్కెం వుండాలి. ఇవి లేని మిషను ఎంత చవకైనా జామాయిలు కోతకు పంపవద్దు. దానిని తుడిచి షెడ్డులో పెట్టండి. పిల్లలకు ఇంజను నేర్పడానికి బాగా పనికివస్తుంది.

గ్రామాల్లో పనిచేసే సహాయకులకు ఒక సూచన. కోత కూలీలను చేర్చి ఒక పూట పదును పెట్టడం నేర్పండి. వేగానికి కాక, నిటారు కోతకూ, సరైన పదునుకూ, వేసుకున్న రక్షణ సామానుకూ మార్కులు వేసి చిన్న పోటీ పెట్టండి. పందెమంటే మనవాళ్లకు హుషారు. ఆ హుషారులో జాగ్రత్త కూడా ఒంటబడుతుంది.

మరొక్క మాట. సొంత పొలంలో చెట్టయినా కోయబోయేముందు, 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలో లేదో మండల కార్యాలయంలో కనుక్కోండి. మన పడమట వెలుగొండల్లో ఎర్రచందనం వుంది. రిజర్వు అడవి ఛాయలకు రంపం తీసుకుపోవద్దు.

ఎద్దును పందెానికి దించేవాడు ముందు గిట్టలు చూసుకుంటాడు. రంపం పట్టేవాడు ముందు బ్రేకు చూసుకోవాలి. ఈ జామాయిలు కోతకు మీ తోటలోకి వచ్చే మిషనును తాడు లాగకముందే ఒకసారి అడిగి చూడండి.