నాలుగంగుళాల వానతో తోట

యేడాది మొత్తం మీద నాలుగంగుళాల వాన కురిసే చోట, బావి లేకుండా, కాలువ లేకుండా బాదం, ఆప్రికాట్, ద్రాక్ష పండించారంటే మీరు నమ్ముతారా? మన అనంతపురం జిల్లాలో సాలుకు సుమారు ఇరవై రెండంగుళాలు పడుతుంది. దానినే మనం కరువు సీమ అంటున్నాం. మరి యీ తోట వున్నది ఇజ్రాయెల్ దేశపు దక్షిణాన, నెగెవ్ ఎడారిలో, అవదాత్ అనే పాతపట్నపు కొండ దిగువన.

1950ల చివర జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు మైకేల్ ఎవెనారి, ఆయనతో లెస్లీ షానన్ అనే ఇంజనీరు, నఫ్తాలీ తద్మోర్ అనే పరిశోధకుడు అక్కడ పొలం మొదలుపెట్టారు. వారు కొత్తగా కనిపెట్టింది తక్కువేనండి. సుమారు పదమూడు వందల యేళ్ళ క్రితం పాడుబడిన పొలాల రాతిగట్లు అక్కడ అలాగే వున్నాయి. వాటిని కట్టినవారు నబాటియనులు, వారి తర్వాత వచ్చిన బైజాంటైన్ కాలపు రైతులు. పాత గట్లనే బాగుచేసి, యీ సేద్యం నిజంగా సాగేదా అని కొలిచి చూడటం వీరు పెట్టుకున్న పని.

కిటుకు యెక్కడుందో చూడండి. అక్కడి నేల గాలి మోసుకొచ్చిన సన్నటి ఒండ్రు. వాన చినుకులు కొట్టగానే పైమన్ను మెదిగి, చిన్న రంధ్రాలు పూడిపోయి, పొర కట్టుకుంటుంది. నాలుగైదు మిల్లీమీటర్లు తడిసిన తర్వాత ఆపై కురిసిన నీరు ఇంకక గుట్ట మీద నుంచి జారుతుంది. మనం శాపమనుకునే యీ గుణాన్నే వాళ్ళు వరం చేసుకొన్నారు.

లెక్క వేద్దాం. హెక్టారు మీద నూరు మిల్లీమీటర్ల వాన అంటే పది లక్షల లీటర్లు. గుట్ట వాలు ఇరవై హెక్టార్లు, అందులో నూటికి పదిహేను పాళ్ళు జారి వచ్చిందనుకోండి. ముప్ఫై లక్షల లీటర్లు! అది దిగువనున్న ఒక్క హెక్టారు చేలో నిలబెడితే, మూడు వందల మిల్లీమీటర్ల వాన కురిసినట్టే. దాని స్వంత వాన అదనం. అందుకే అక్కడి పాత పొలాలకు ఒక పాలు సాగుకు ఇరవై, ముప్ఫై పాళ్ళ వాలు వుంటుంది.

వాలు పెద్దదయితే ఇంకా మంచిది కదా అంటారేమో. కాదు! పెద్ద వంకలో నీరు దారిలోనే ఇంకిపోతుంది, వచ్చినప్పుడు ఉప్పెనలా వచ్చి గట్లు తెంపుతుంది. చిన్న వాలు నుంచి వచ్చే పాలు యెక్కువ, దాన్ని పట్టుకోవడమూ తేలిక. అందుకే ఆ పాతవాళ్ళు గుట్టను చిన్న కాలువలతో ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క నీటిని ఒక్కో మడికి తిప్పారు. ప్రతి గట్టుకూ రాతి మరవ పెట్టారు. పై మడి నిండితే మిగులు నీరు కింది మడిలోకి దిగుతుంది. గట్టు తెగి, దాన్ని కట్టే దిక్కు లేనప్పుడు మాత్రం వరద ఆ మంచి మట్టిలోనే లోతైన గండ్లు కోసుకుంటూ పోయింది. పొలంతోపాటు యేళ్ళ తరబడి పేరుకున్న ఒండ్రు కూడా పోయింది.

గుట్టల మీద వేలాది రాళ్ళ కుప్పలున్నాయి. అరబ్బులు వాటిని ద్రాక్ష దిబ్బలంటారు. ద్రాక్షతీగలు ఆ కుప్పల మీదే పెంచారని కొందరు ఊహించారు. ఎవెనారి బృందం పరీక్ష చేసి, రాళ్ళు యేరివేస్తే మన్ను బయటపడి పొర కట్టి, నీరు యెక్కువ జారుతుందని చూపింది. రాళ్ళు యేరింది యెందుకన్న వాదన మాత్రం పండితుల్లో చాలాకాలం నడిచింది. కావలసిందల్లా మనకు ఆ నీరే కాబట్టి వాదన వారికే వదులుదాం.

1962-63లో ఘోరమైన అనావృష్టి వచ్చి మామూలు వానలో మూడోవంతు దగ్గరే పడింది. అయినా అవదాత్ చెట్లు బతికాయి. లోతు మట్టిలో, రెండు మీటర్లకు పైగా దాచిన పదును వాటిని నిలబెట్టింది.

తర్వాత 1971లో బీర్‌షెబాకు దక్షిణాన మషాష్ వంక దగ్గర ఇంకొక పొలం వచ్చింది. తర్వాతి కాలంలో దానిని బెన్‌గురియోన్ విశ్వవిద్యాలయపు ఎడారి పరిశోధనా సంస్థ చూసింది. అక్కడ ఒక్కో చెట్టుకు ఒక్కో చిన్న వాలుమడి కట్టి, దిగువ మూలన గుంటలో చెట్టు నాటే పద్ధతి కూడా పెట్టారు. ఆస్ట్రేలియా తుమ్మ వరుసల మధ్య జొన్న వేశారు. కొమ్మలు నరికితే నీటికి పోటీ తగ్గి, మధ్య పంటకు మేలు, వంటచెరకూ దొరికింది.

ఇప్పుడు మన సంగతి. యీ పని అలాగే దించుకోవద్దు. ఒక యెకరానికి నీరివ్వడానికి ఇరవై యెకరాల బీడు విడిచిపెట్టగల రైతు మనలో యెవరు? పైగా మన యెర్రనేల కూడా వానకు పొర కడుతుంది గాని, చాలాచోట్ల రెండడుగుల కింద గరప తగులుతుంది. నీరు నిలబెట్టినా దాచే కొట్టే లేదు. మన వానలూ ఒక్క రాత్రిలో నాలుగంగుళాలు దంచగలవు. వారి యేడాది వాన అది! మరవ సన్నగా పెడితే గట్టు మిగలదు.

అయినా గుట్ట దిగువనున్న వానకు తడిసే బీడు ముక్క మీకుంటే, ముందు గడ్డపారతో నాలుగైదు చోట్ల తవ్వి చూడండి. మట్టి మీ నడుం లోతున్నచోట చెట్టుకు జాగా గుర్తు పెట్టండి. గుట్ట నీరు యే దారిన దిగుతుందో జోరువాన కురిసేటప్పుడు గొడుగు వేసుకుని పోయి చూసి రండి. ఎండలో నిలబడి వాలు అంచనా కట్టినవాళ్ళ గట్లే మొదటి వానకు తెగుతాయి.