భవన స్మృతికి అందని చోట: ఉప్మాక వంటి గ్రామాల్లో ప్రభుత్వ కొనుగోళ్లు, విద్యుత్ పొదుపు

ఇంధన పొదుపు చట్టం (2001) కింద 2007లో వెలువడి 2017లో సవరణ పొందిన భవన స్మృతి, 100 కిలోవాట్ల అనుసంధాన భారం లేదా 120 కేవీఏ ఒప్పంద డిమాండు ఉన్న వాణిజ్య, ప్రభుత్వ భవనాలను దృష్టిలో ఉంచుకొన్నది. 100 కిలోవాట్లంటే 75 వాట్ల సీలింగ్ ఫాన్లు 1,300కు పైమాటే. వేంకటేశ్వరాలయంతో పేరు పొందిన, అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని ఉప్మాక వంటి గ్రామంలో పాఠశాలగాని, పంచాయతీ కార్యాలయంగాని ఆ భారాన్ని చేరే అవకాశం స్వల్పం. అందుచేత ఇటువంటి చోట గోడలు, కిటికీల ప్రమాణాలకంటే కొనుగోలు ఉత్తర్వే నిర్ణాయకం.

ఫాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. అయితే లేబుల్ ఉండటం వేరు, మేలైన రేటింగు ఉండటం వేరు. టెండరులో రేటింగు ప్రస్తావన లేకుండా అతి తక్కువ ధరనే గీటురాయిగా పెడితే ఒక స్టారు ఫానుకూ చట్టబద్ధంగానే స్థానం దక్కుతుంది. సాధారణ ఫాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫాను సుమారు 30 వాట్లు తీసుకొంటాయనుకొందాం. రోజుకు 8 గంటల చొప్పున 220 పనిదినాలకు తేడా ఒక్కో ఫానుకు 79 యూనిట్లు. ఈ లెక్క టెండరు పట్టికలో కనిపించదు. ఏళ్లతరబడి బిల్లులో కనిపిస్తుంది. కొనే పద్దు ఒకటి, బిల్లు కట్టే పద్దు మరొకటి కావడమే చిక్కు.

కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు (2017), నోటిఫై చేసిన విద్యుత్ పరికరాలకు నిర్దేశిత కనీస స్టార్ రేటింగును కేంద్ర శాఖల కొనుగోళ్లకు విధించాయి. కేంద్ర శాఖలకు ఉద్దేశించిన ఆ నిబంధన పంచాయతీ కొనుగోలుకు తనంత తానుగా వర్తించదు.

వీధిదీపాల విషయంలో ఈ చిక్కు మరో విధంగా విడింది. 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపాను అనంతరం విశాఖపట్నంలో ఎల్‌ఈడీ దీపాలు అమర్చిన ఈఈఎస్‌ఎల్ సంస్థ అనుసరించే పద్ధతిలో, పెట్టుబడి మొదట సంస్థదే. స్థానిక సంస్థ పొదుపు నుంచి వాయిదాలుగా తీరుస్తుంది. పొదుపును కొలిచే బాధ్యత ఒప్పందంలోనే చేరడం ఇక్కడి విశేషం. పాఠశాల ఫానుకు అటువంటి ఒప్పందం కూడా అవసరం లేదు. టెండరు షరతుల్లో కనీస రేటింగును ఒక్క వాక్యంగా చేర్చి, ధరతోపాటు అయిదేళ్ల విద్యుత్ ఖర్చును కలిపి పోల్చితే సరిపోతుంది.