ప్రదర్శనశాలను చదవడం: బాన్‌పో నవీనశిలాయుగ గ్రామం

వ్యాససంగ్రహం:
లిఖిత ఆధారం లేని కాలాన్ని ప్రదర్శనశాల ఎలా వివరిస్తుంది? ఆ వివరణలో దొరికిన వస్తువు పాలు ఎంత, పండితుల ఊహ పాలు ఎంత? చైనాలోని బాన్‌పో ప్రదర్శనశాల ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బాన్‌పో, యాంగ్‌షావ్ సంస్కృతి, నవీనశిలాయుగం, మాతృవంశ సమాజం, లిపి పుట్టుక, ఉట్నూరు.

1. ఉపోద్ఘాతం

సాహిత్య పరిశోధకునికి ఆధారమంటే ప్రధానంగా పాఠం. శాసనమైనా, తాళపత్రమైనా, ముద్రితప్రతి అయినా అందులో ఎవరిదో ఒకరి మాట ఉంటుంది. చరిత్రపూర్వ సంస్కృతికి చెందిన ప్రదర్శనశాలలో ఆ సౌకర్యం ఉండదు. అక్కడ వస్తువు ప్రాచీనులది. దాని పక్కనున్న వివరణ ఆధునికుల రచన. ఈ రెండింటినీ విడదీసి చూడడం అలవాటు కావడానికి బాన్‌పో మంచి ఉదాహరణ.

2. గ్రామం, తవ్వకాలు

షాన్‌షీ రాష్ట్ర రాజధాని షియాన్ నగరానికి తూర్పున, చాన్ నది సమీపంలో, 1953లో నిర్మాణపనుల సందర్భంగా ఈ ఆవాసం బయటపడింది. 1954-57 మధ్య షి షింగ్‌బాంగ్ నాయకత్వంలో సుమారు 10,000 చదరపు మీటర్ల మేర తవ్వకాలు జరిగాయి. 1958లో ఆ స్థలంలోనే ప్రదర్శనశాల ప్రారంభమైంది. తవ్విన నేలపై కప్పు వేసి, ఇళ్ల పునాదులను ఉన్నచోటనే చూపడం దీని ప్రత్యేకత. 1921లో ఆండర్సన్ హెనాన్ రాష్ట్రంలో తవ్విన గ్రామం పేరిట ప్రసిద్ధమైన యాంగ్‌షావ్ సంస్కృతిలో బాన్‌పో ఒక దశ. వయసు 6,000 ఏళ్లకు పైమాటే.

ఇక్కడ 46 ఇళ్ల ఆనవాళ్లు, 200కు పైగా నిల్వగోతులు, 6 కుమ్మరి ఆములు, సుమారు 250 సమాధులు వెలుగుచూశాయి. ఇళ్లున్న భాగం చుట్టూ 5-6 మీటర్ల లోతైన కందకం ఉంది. పందిని, కుక్కను పెంచారు. వారి ప్రధాన ధాన్యం మన మెట్టపొలాలలో పండే కొర్రే.

3. సమాధులు: చూసినది, చెప్పినది

పెద్దల శ్మశానం కందకం అవతల ఉంది. పసిపిల్లలను మాత్రం ఎక్కువగా కుండలలో పెట్టి, ఇళ్ల దగ్గరే పూడ్చారు. కొన్ని మూతలకు చిన్న రంధ్రం ఉంది. ఇంతవరకు ప్రత్యక్షసాక్ష్యం. ఆ రంధ్రం ఆత్మ వచ్చిపోయే దారి అనడం వ్యాఖ్యానం. మనిషి ముఖాన్నీ చేపలనూ కలిపి చిత్రించిన ప్రసిద్ధ మట్టిపాత్ర కూడా ఇలాంటి కుండకు మూతగా దొరికినదే. ఈ సంగతి తెలియకుండా దానిని కేవలం కళాఖండంగా చూస్తే సందర్భం జారిపోతుంది.

152వ సమాధి మరింత ఆలోచింపజేస్తుంది. అందులో మూడు నాలుగేళ్ల బిడ్డను చెక్కపలకల నడుమ, పూసలతోనూ పాత్రలతోనూ, మొత్తం 79 వస్తువులతో పాతిపెట్టారు. ఆ బిడ్డ ఆడపిల్ల అనీ, ఇంతటి గౌరవం మాతృవంశ వ్యవస్థకు నిదర్శనమనీ వివరించారు. ఈ వివరణకు చట్రం మోర్గాన్ 1877లో ప్రతిపాదించిన, ఎంగెల్స్ 1884లో విస్తరించిన సమాజ పరిణామ సిద్ధాంతం. నాటి చైనా పురావస్తుశాస్త్రానికి అదే మార్గదర్శకం. అయితే అంత పసి ఎముకలను చూసి ఆడ, మగ తేల్చడం చాలా కష్టం. పైగా ఒక బిడ్డకు దక్కిన గౌరవం ఆ కుటుంబపు హోదాను సూచించవచ్చు. వంశక్రమాన్నే సూచించాలని లేదు. బాన్‌పో సమాజం మాతృవంశీయం కాదని దీనితో రుజువు కాదు. ఈ సాక్ష్యం ఆ నిర్ణయానికి చాలదని మాత్రమే తేలుతుంది.

4. గీతలా, అక్షరాలా?

భాషాసాహిత్య విద్యార్థులను ఎక్కువగా ఆకర్షించేవి మట్టిపాత్రలపై చెక్కిన గుర్తులు. 100కు పైగా పాత్రలపై, పెంకులపై ఇవి కనిపించాయి. ఎక్కువగా పాత్ర అంచునున్న నల్లని పట్టీపై ఉన్నాయి. వీటిలో చైనా లిపి మూలం ఉందని 1972లో గువో మోరువో వాదించారు. కానీ ఒక పాత్రపై సాధారణంగా ఒకే గుర్తు ఉంటుంది. వరుసగా కూర్చిన వాక్యం లేదు. నిస్సందేహంగా చైనా లిపి అనదగిన ఎముక శాసనాలకూ వీటికీ మధ్య మూడు వేల ఏళ్లకు పైగా అంతరం ఉంది. రూపసామ్యం ఉన్నంత మాత్రాన సంబంధం సిద్ధించదు. గుర్తు అర్థాన్ని సూచించగలదు. అది భాషలోని మాటకు ప్రతినిధి అయినప్పుడే లిపి అవుతుంది. ఇవి కుమ్మరి గుర్తులో, యజమాని గుర్తులో కావచ్చు.

5. మన నేలపై ఇదే ప్రశ్న

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వారు. పేడ పదేపదే కాలిన పొరలు, పశువుల గిట్టల జాడలు, దడి గుంజల ఆనవాళ్లు అక్కడి సాక్ష్యం. ఆ మంటలను పశుపాలకుల ఋతుసంబంధమైన క్రతువులతో జోడించి, నేటి పండుగ మంటలతో పోల్చడం ఆయన వ్యాఖ్యానం. జానపద విజ్ఞానంలో నేటి ఆచారం నుండి ప్రాచీనతను ఊహించే పద్ధతి మనకు సుపరిచితమే. ఆ పద్ధతి దారి చూపగలదు కాని, తానే రుజువు కాలేదు.

6. ముగింపు

విద్యార్థులను ఇటువంటి ప్రదర్శనశాలకు తీసుకువెళ్లే అధ్యాపకులు ప్రతి వస్తువు ముందు మూడు ప్రశ్నలు వేయించవచ్చు: ఇది ఎక్కడ, దేనితోపాటు దొరికింది? వివరణలోని ఏ మాట కంటికి కనిపించేది, ఏ మాట ఊహించినది? ఆ ఊహ వెనుక ఏ సిద్ధాంతం ఉంది? మూలపాఠం నుండి వ్యాఖ్యానాన్ని వేరుచేయడం తెలుగు పరిశోధకులకు కొత్త విద్య కాదు. ఆ శిక్షణను కుండపెంకు దగ్గర కూడా ఉపయోగిస్తే, ప్రదర్శనశాల సందర్శన పరిశోధనలో భాగమవుతుంది.