ఫోన్లో పేకాట నుంచి బ్లాక్‌చెయిన్‌ దాకా

ఇద్దరు బాల్యమిత్రులు. ఒకరు కోనరావుపేటలో ఉంటారు, మరొకరు బతుకుదెరువు కోసం దుబాయ్‌ వెళ్లారు. సెలవురోజున ఫోన్లోనే పేకాడుకుందామనుకున్నారు. మరి పేక కలిపేదెవరు? ముక్కలు పంచేదెవరు? 'నాకు ఇస్పేటు ఆసు పడింది' అని ఒకరంటే రెండోవారు నమ్మేదెలా? మధ్యలో ఓ పెద్దమనిషిని కూర్చోబెడితే సరిపోతుంది. ఆ పెద్దమనిషే లేకపోతే?

సరదాగా అనిపించే ఈ చిక్కుముడే సిల్వియో మికాలీ జీవితాన్ని మలుపు తిప్పింది. కంప్యూటర్‌ శాస్త్రంలో నోబెల్‌తో సమానమని చెప్పే ట్యూరింగ్‌ అవార్డు అందుకున్న ఆచార్యుడాయన. అరవై దాటాక, పాఠాలు చెప్పుకుంటూ హాయిగా ఉండాల్సిన వయసులో బ్లాక్‌చెయిన్‌ కంపెనీ పెట్టాడు. మధ్యవర్తిని నమ్మాల్సిన పనిలేకుండా లెక్క నడవాలన్నది ఆయన పట్టుదల. లెక్క నడిచింది. మార్కెట్‌ మాత్రం ఆయన మాట వినలేదు.

మూడుసార్లు తిప్పికొట్టారు

మికాలీ 1954లో ఇటలీలోని పలెర్మోలో పుట్టాడు. రోమ్‌లో గణితం చదివి, పీహెచ్‌డీకి అమెరికాలోని బర్క్‌లీ వెళ్లాడు. అక్కడి గురువు మాన్యుయెల్‌ బ్లమ్‌. తోటి విద్యార్థిని షఫీ గోల్డ్‌వాసర్‌. ఫోన్లో పేకాటకు 1979లోనే ఎంఐటీ శాస్త్రవేత్తలు ముగ్గురు ఓ పద్ధతి చెప్పారు. అయితే అందులో ముక్క గురించి కాస్తంత సమాచారం బయటికి పొక్కేది. ఆ కాస్త కూడా పొక్కకూడదని మికాలీ, గోల్డ్‌వాసర్‌ పట్టుబట్టారు. ఒకే ముక్కను ఎన్నిసార్లు రహస్య సంకేతంగా మార్చినా ప్రతిసారీ వేరేలా కనిపించాలి. అందుకోసం సంకేతాలు తయారుచేయడంలోకి బొమ్మాబొరుసును తెచ్చారు. 1982లో వెలువడిన ఆ పరిశోధన ఆధునిక రహస్య సంకేత శాస్త్రానికి పునాదుల్లో ఒకటి.

తర్వాతి ఆలోచన మరీ విచిత్రం. రహస్యం చెప్పకుండానే, అది తనకు తెలుసని రుజువు చేయడం! ఓ ఉదాహరణ చూద్దాం. మీ దగ్గర ఒకేలాంటి రెండు గాజులున్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. మీ స్నేహితురాలికి ఆ రంగుల తేడా తెలియదు. 'రెండూ ఒకటే కదా' అంటుంది. గాజుల్ని ఆమెకే ఇచ్చి, వీపు వెనక పెట్టుకుని మార్చినా మార్చకపోయినా సరే, మళ్లీ చూపించమనండి. మార్చిందో లేదో మీరు ఠక్కున చెప్పేస్తారు. ఇరవైసార్లూ సరిగ్గా చెబితే అది గాలివాటం అయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటి కూడా ఉండదు. గాజులు వేరని ఆమె నమ్మితీరుతుంది. కానీ ఏది ఎరుపో, ఏది ఆకుపచ్చో ఆమెకు ఇప్పటికీ తెలియదు!

మికాలీ, గోల్డ్‌వాసర్‌, చార్లెస్‌ రాకాఫ్‌ కలిసి దీన్ని గణితంగా రాసి పంపితే, సదస్సులు ఒకటి కాదు రెండు కాదు, మూడుసార్లు తిప్పికొట్టాయి. చివరికి 1985లో వెలుగు చూసింది. 1993లో అదే పరిశోధనకు గోడెల్‌ బహుమతి వచ్చింది. 2012కి గాను మికాలీ, గోల్డ్‌వాసర్‌లను ట్యూరింగ్‌ అవార్డు వరించింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డికి 1994లో దక్కింది కూడా ఈ పురస్కారమే.

వ్యాపారం ఆయనకు కొత్తేమీ కాదు. 2000 తొలినాళ్లలో రొనాల్డ్‌ రివెస్ట్‌తో కలిసి పెప్పర్‌కాయిన్‌ అనే సంస్థ పెట్టాడు. ఇంటర్నెట్‌లో ఒక పాట కొనడం లాంటి చిల్లర చెల్లింపుల కోసం అది. ఆలోచన బాగుంది, వ్యాపారం సాగలేదు. 2007లో వేరే కంపెనీ చేతుల్లోకి వెళ్లిపోయింది.

చిట్టీ పద్దు ఎవరి దగ్గరుండాలి?

ఆ తర్వాత రెండేళ్లకు, 2009లో బిట్‌కాయిన్‌ వచ్చింది. దాని వెనకున్న బ్లాక్‌చెయిన్‌ అర్థంకావాలంటే మనకు తెలిసిన చిట్టీనే తీసుకోవచ్చు. ఊళ్లో ఇరవై మంది కలిసి చిట్టీ వేశారనుకోండి. ఎవరెంత కట్టారు, ఈ నెల పాట ఎవరు ఎంతకు పాడారు... అంతా నడిపే మనిషి పుస్తకంలోనే ఉంటుంది. ఆయన మంచివాడైతే ఫర్వాలేదు. రాత్రికి రాత్రి ఇంటికి తాళం వేసి వెళ్లిపోతే? అందుకని పుస్తకం ఒకరి దగ్గర కాకుండా ఇరవై మంది దగ్గరా ఉంటుంది. ప్రతి కొత్త పేజీలోనూ వెనకటి పేజీ గుర్తు ఉంటుంది కాబట్టి, పాత అంకె దిద్దితే ఇట్టే దొరికిపోతారు. బ్లాక్‌చెయిన్‌ అంటే స్థూలంగా ఇదే.

చిక్కల్లా ఒక్కటే, కొత్త పేజీ రాసేదెవరు? బిట్‌కాయిన్‌లో ఇందుకు కంప్యూటర్ల మధ్య పందెం నడుస్తుంది. ఓ కష్టమైన పజిల్‌ను ముందుగా విప్పినవారిదే పేజీ. ఆ పందెం కోసం ప్రపంచవ్యాప్తంగా కాలే కరెంటు కొన్ని దేశాల వాడకంతో పోల్చేంత. మికాలీకి ఆలోచన నచ్చింది, ఈ దుబారా నచ్చలేదు.

పందెం బదులు లాటరీ పెట్టాడాయన. ప్రతి పేజీకీ, నాణేలున్న వాళ్లలోంచి కొందరు చీటీ తీసినట్టుగా ఎంపికవుతారు. చీటీ తీసే మనిషి మాత్రం ఉండడు. ఎవరి కంప్యూటర్‌లో వారే లాటరీ వేసుకుంటారు, తాము గెలిచామని రుజువు చూపిస్తారు. ఆ రుజువును ఎవరైనా సరిచూసుకోవచ్చు. దానికి కావాల్సిన గణితాన్ని 1999లోనే మరో ఇద్దరితో కలిసి ఆయన రాసిపెట్టాడు. గెలిచిందెవరో లోకానికి తెలిసేలోపు వారి పని అయిపోతుంది, కాబట్టి లంచమిచ్చి కొనేద్దామన్నా వ్యవధి ఉండదు. ఈ పద్ధతికి అల్గోరాండ్‌ అని పేరు పెట్టి, 2017లో బోస్టన్‌లో కంపెనీ తెరిచాడు. ప్రొఫెసర్‌ పేరు చూసి పెట్టుబడులు బాగానే వచ్చాయి.

పైనుంచి కిందికి పాట

2019 జూన్‌లో అసలు వ్యవస్థ మొదలైంది. రెండున్నర కోట్ల నాణేలను వేలం వేశారు. మన వేలంలో ధర కింది నుంచి పైకి పోతుంది, అక్కడ పైనుంచి కిందికి దిగుతుంది. 2.40 డాలర్ల దగ్గర పాట ఆగింది. 6 కోట్ల డాలర్లు చేతికొచ్చాయి. నచ్చకపోతే ఏడాది తర్వాత 90 శాతం ధరకు వెనక్కి ఇచ్చేయొచ్చన్నారు. ఆ వెసులుబాటే కొన్నవాళ్లను ఆదుకుంది, ఎందుకంటే ఏడాది ముగిసేసరికి నాణెం పావు డాలరులోపు పడిపోయింది. 2021లో మళ్లీ రెండు డాలర్లు దాటింది. 2023లో పది సెంట్ల దగ్గరికి దిగింది. చివరిలో ఎగబడి కొన్నవాళ్లు ఎంత పోగొట్టుకున్నారో ఊహించుకోవచ్చు.

అదే ఏడాది ఇంకో వింత జరిగింది. 2019లో ఎంఐటీలో ఉన్నప్పుడు మికాలీ సాంకేతికతను మెచ్చుకున్న గ్యారీ గెన్స్‌లర్‌, ఆ తర్వాత అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థకు అధిపతి అయ్యాడు. 2023 ఏప్రిల్‌లో ఆ సంస్థే ఓ క్రిప్టో ఎక్స్ఛేంజ్‌పై వేసిన కేసులో, నమోదు లేకుండా అమ్మిన సెక్యూరిటీల జాబితాలో అల్గోరాండ్‌ నాణేన్నీ చేర్చింది!

ఆ సంవత్సరం మొదట్లోనే మరో దెబ్బ. మైఅల్గో అనే వేరే సంస్థ వ్యాలెట్‌ నుంచి దొంగలు దాదాపు 90 లక్షల డాలర్లు ఎత్తుకెళ్లారు. మికాలీ గణితంలో తప్పేమీ లేదు. ఖజానా గోడ గట్టిదే, తాళంచెవులు పోయాయి. డబ్బు పోయినవాడికి ఆ తేడా ఏం ఓదార్పు?

మన దగ్గర ఈ తేడా మరింత ముఖ్యం. 'క్రిప్టోలో పెట్టండి, నెలల్లో రెట్టింపు' అని జనం దగ్గర వసూలుచేసి ముంచేసిన కేసులు ఉమ్మడి కరీంనగర్‌ జిల్లాలోనూ నమోదయ్యాయి. అలాంటి మోసాల్లో చాలావాటికి బ్లాక్‌చెయిన్‌తో పేరు తప్ప సంబంధం ఉండదు. అంతా ఒకరి పుస్తకంలో ఒకరు రాసుకున్న లెక్కే, అంటే మికాలీ వద్దన్నదే! నిజమైన నాణేలు కొన్నా లాభంపై 30 శాతం పన్ను కట్టాలని 2022 బడ్జెట్‌లో కేంద్రం తేల్చిచెప్పింది.

2018 ఆగస్టులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ బ్లాక్‌చెయిన్‌ సదస్సు జరిగింది. అల్గోరాండ్‌ ఫౌండేషన్‌ 2023లో టీ-హబ్‌తో చేయి కలిపింది. వీటికన్నా సామాన్యుడికి దగ్గరైన ప్రయోగం టీ-చిట్స్‌. హైదరాబాద్‌ అంకురసంస్థ చిట్‌మాంక్స్‌ సాయంతో తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ దీన్ని చేపట్టింది. అల్గోరాండ్‌తో దీనికి సంబంధం లేదు కానీ ఆలోచన ఆ కోవదే. రిజిస్టరైన చిట్‌ఫండ్‌ కంపెనీల వాయిదాలు, పాటల వివరాలు తర్వాత దిద్దడానికి వీల్లేకుండా బ్లాక్‌చెయిన్‌లో నమోదుచేయాలన్నది దాని ఉద్దేశం. వాడకట్టులో నలుగురూ కలిసి వేసుకునే చిట్టీలు మాత్రం ఆ లెక్కలోకి రావు. అక్కడ పుస్తకం ఇప్పటికీ నడిపే మనిషి దగ్గరే ఉంటుంది.