రెల్లు: సువర్ణరేఖ ఒడ్డున చెరకు చుట్టం



దసరా సెలవులకు ముందు బారిడీహ్ నుంచి సువర్ణరేఖ నది వైపు వెళ్తే, ఇసుక మేటల మీద తెల్లని కుచ్చుల్లా ఊగే పూలు కనిపిస్తాయి. ఇవేం పూలని తరగతిలో అడిగాము. బెంగాలీ స్నేహితులున్నవాళ్లు 'కాశ్‌ఫూల్' అన్నారు. హిందీ బాగా వచ్చినవాళ్లు 'కాంస్' అన్నారు. తెలుగు పేరు మాత్రం ఒక్కరూ చెప్పలేదు. బదిలీల మీద ఊరూరా తిరిగే మన ఇళ్లలో ముందుగా జారిపోయేవి ఇలాంటి మాటలే. దీని తెలుగు పేరు రెల్లు. కుమారస్వామి రెల్లుపొదల్లో పుట్టాడని అమ్మమ్మలు చెప్పే కథలో వినిపించేది ఈ మాటే. గోదావరి లంకల్లోనూ ఈ గడ్డి దట్టంగా పెరుగుతుంది.

ఎలా ఉంటుంది? ఎక్కడ పెరుగుతుంది?

రెల్లు ఏళ్ల తరబడి బతికే గడ్డి. మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది. ఆకులు సన్నగా, పొడవుగా ఉంటాయి. వాటి అంచులు పదునైనవి, చేయి కోసుకుపోతుంది, జాగ్రత్త! వర్షాలు తగ్గే వేళకు పూత వస్తుంది. నూగు అంటిన గింజలు గాలికి ఎగిరి దూరాన పడతాయి. వరద కొత్తగా తెచ్చి వేసిన ఇసుకలో మొదట మొలిచే మొక్కల్లో ఇదొకటి. నేల లోపల దుంపకాండాలు అల్లుకుపోయి మట్టిని పట్టి ఉంచుతాయి. అందుకే రెల్లు ఉన్న ఒడ్డు త్వరగా కోతపడదు.

ఉపయోగాలు

ఎండిన రెల్లుతో పాకలకు కప్పు వేస్తారు. చాపలు, తాళ్లు, చీపుర్లు చేస్తారు. లేత గడ్డిని పశువులు మేస్తాయి.

అన్నిటికన్నా పెద్ద మేలు చెరకుకు జరిగింది. దీని శాస్త్రీయ నామం 'శాకరం స్పాంటేనియం'. మొదటి మాట చెరకు ప్రజాతి పేరు. రెండో మాటకు 'తనంత తాను పెరిగేది' అని అర్థం. తియ్యని రసం దండిగా ఉండే లావు చెరకు ఉత్తర భారతపు చలిని తట్టుకోలేకపోయేది. 1912లో కోయంబత్తూరులో చెరకు పరిశోధన కేంద్రం ఏర్పడింది. అక్కడ సి.ఎ. బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ లావు చెరకును రెల్లుతో సంకరం చేశారు. అలా పుట్టిన 'కో 205' రకం 1918లో రైతులకు అందింది. 'కో' అంటే కోయంబత్తూరు. అందులో తీపి చెరకుది, మొండితనం రెల్లుది. ఈనాటి చెరకు రకాల క్రోమోజోముల్లో సుమారు 10 నుంచి 20 శాతం రెల్లు వైపు నుంచి వచ్చినవే. పొద్దున్నే పాలలో వేసుకునే చక్కెర వెనుక ఈ అడవి గడ్డి కూడా ఉందన్నమాట!

రైతుకు తిప్పలు

ఆ మొండితనమే పొలంలో చేరితే శత్రువవుతుంది. పైన కోసినా లోపలి దుంపకాండం బతికే ఉంటుంది. నాగలికి తెగిన ముక్క మళ్లీ మొలుస్తుంది. మధ్య భారతంలో దీనివల్ల ఎన్నో పొలాలు బీడుపడ్డాయి. వాటిని లోతుగా దున్నే ట్రాక్టర్లు కొనడానికి మన దేశం 1949లో ప్రపంచ బ్యాంకు నుంచి కోటి డాలర్ల అప్పు తీసుకుంది. ఒక గడ్డిని తీయడానికి అంత అప్పు! దూరాన పనామా దేశంలోనూ, నరికిన అడవుల్లో ఇది పరుచుకుని చెట్లను మళ్లీ మొలవనివ్వడం లేదు.

పెంచాలంటే

రెల్లును పంటగా ఎవరూ వేయరు. గట్టు కోతను ఆపడానికి నాటాలనుకుంటే, కణుపులున్న దుంపకాండం ముక్కలను తొలకరిలో తడి మట్టిలో పాతితే చాలు. ఎరువు అక్కర్లేదు. పొలానికి దగ్గరగా మాత్రం నాటకూడదు.

కాబట్టి రెల్లు మంచిదా, చెడ్డదా అని అడిగితే, ముందు అది ఎక్కడ ఉందో చూడాలి. ఏటిగట్టున కాపలా కాస్తుంది, పొలంలో దోపిడీ చేస్తుంది.

ఈ సెలవుల్లో తాతయ్యకో, అమ్మమ్మకో ఫోన్ చేసినప్పుడు వాళ్ల ఊళ్లో రెల్లును ఏమంటారో, దేనికి వాడేవారో అడగండి. వాళ్లు చెప్పిన మాటలను నోటుపుస్తకంలో రాసుకుని తీసుకురండి. తరగతిలో అందరం కలిసి చదువుకుందాం. వచ్చే బదిలీలో ఏ నది ఒడ్డుకు చేరినా, ఆ తెల్లని పూలను మీరు తెలుగులో పేరు పెట్టి పిలవగలుగుతారు.