ఆఖరి క్షణపు వేలంపాట

1995లో మొదలైన ఈబే వేలంలో గడువు ముందే ఖరారై ఉంటుంది. పాటదారు తాను ఇవ్వగల గరిష్ఠ ధరను రహస్యంగా నమోదు చేస్తే, ప్రత్యర్థిని దాటడానికి అవసరమైనంత మేరకే వ్యవస్థ అతని తరఫున పాట పెంచుతుంది కనుక, గెలిచినవాడు చెల్లించేది రెండో పాటదారు నిలిచిన ధర కంటే కాస్త ఎక్కువ మాత్రమే. ఈ లెక్కన మొదటి రోజే అసలు విలువ చెప్పి ఊరుకోవచ్చు. అయినా అనుభవజ్ఞులు చివరి క్షణాల దాకా వేచి ఉండి పాడతారు. మాటువేసి కొట్టడం అనే అర్థంలో దీన్ని ‘స్నైపింగ్’ అంటారు.

దీనికి ప్రధాన కారణం గడువు నియమమేనని ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో వెలువరించిన పరిశోధన సూచించింది. నాటి అమెజాన్ వేలంలో చివరి పది నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు దానంతట అదే పెరిగేది (‘ఒకటోసారి, రెండోసారి’ అంటూ ఆగి చూసే మన వేలంపాటకు ఇది దగ్గరి చుట్టం). అక్కడ మాటువేయడం బాగా తక్కువ.

గడువు కచ్చితమైనప్పుడు, తన పాట దాటిపోయాకే మేల్కొని కొంచెం కొంచెం పెంచే ప్రత్యర్థికి ఆఖరి క్షణపు పాట వ్యవధి ఇవ్వదు. పురాతన వస్తువుల విషయంలో మరో చిక్కు ఉంది: నిపుణుడు ముందే పాడితే, ఆ వస్తువు మేలైనదని అందరికీ చాటినట్లే అవుతుంది. ఒకే నమూనా కంప్యూటరుకు అంతటి గుట్టు ఉండదు కాబట్టి అక్కడ ఈ ధోరణి తక్కువగా కనిపించింది. అయితే మాటుగాడికీ ప్రమాదం లేకపోలేదు; నెట్ ఒక్క క్షణం మొరాయిస్తే పాట నమోదు కాకుండానే వేలం ముగిసిపోతుంది.