దూరపు ఓడ మసకగా ఎందుకుంది?

రుషికొండ సముద్రతీరపు ఇసుకలో దొరికిన గవ్వ మీది సన్నని గీతలన్నీ నీకు తెలుస్తున్నాయి. దూరాన పోతున్న ఓడ మాత్రం మసకగా ఉందా? అయితే అది హ్రస్వదృష్టి కావచ్చు.

కంటి లోపల, వెనకవైపున సినిమా తెర లాంటి పొర ఉంటుంది. బొమ్మ సరిగ్గా దాని మీదే పడాలి. కొందరి కనుగుడ్డు కాస్త పొడవుగా పెరుగుతుంది. అప్పుడు దూరం నుంచి వచ్చే వెలుగు తెరకు ముందే ఒకచోట కలిసి, తెర చేరేసరికి చెదిరిపోతుంది. మధ్యలో పలచగా, అంచున మందంగా ఉండే అద్దం ఆ వెలుగును ముందుగానే కొంచెం విడదీస్తుంది. దాంతో అది తెర మీదే కలుస్తుంది.

తాతయ్య చదువుకునే అద్దాలు మాత్రం మధ్యలో మందంగా ఉంటాయి. వాటిని పేపరుకు కాస్త పైన పట్టుకుని చూడు, అక్షరాలు పెద్దవవుతాయి. హ్రస్వదృష్టి అద్దాలతో అవే చిన్నవవుతాయి.

బడిలో బోర్డు మసకగా ఉంటే దాచకు. వెంటనే అమ్మకో నాన్నకో చెప్పి కంటి పరీక్ష చేయించుకో.